మన సర్పంచుల సమాధులు ఎక్కడున్నాయో రాసిపెట్టుకోవాలి

అమెరికా రాజకీయ నాయకులు చనిపోయాక వాళ్లను ఎక్కడ పూడ్చిపెట్టారో చెప్పే వెబ్‌సైటు ఒకటి ఉంది. పేరు ‘ద పొలిటికల్ గ్రేవ్‌యార్డ్’. 1996 నుంచి నడుస్తోంది. ఈ మధ్య వేరే పని మీద ఒక పాత సెనేటరు గురించి వెతుకుతుంటే కంటబడింది. ఆ రాత్రి చాలాసేపు దాన్ని వదల్లేకపోయాను. అధ్యక్షులు, గవర్నర్ల సమాధులు ఎక్కడున్నాయో చెప్పడంలో పెద్ద విశేషం లేదు. అవి ఎలాగూ తెలిసేవే. నన్ను పట్టి కూర్చోబెట్టినవి పల్లె కౌంటీల పేజీలు. కౌంటీ పేరు నొక్కితే అక్కడి శ్మశానాలు వరసగా వస్తాయి. ఒక్కో శ్మశానం కింద అక్కడ ఖననమైన రాష్ట్ర శాసనసభ్యులు, న్యాయమూర్తులు, చిన్న పట్టణాల మేయర్లు ఉంటారు. సొంత పొలంలోనో, కుటుంబానికి చెందిన దిబ్బ మీదో పూడ్చినవారిని విడిగా చూపిస్తారు. దహనం చేసి ఉంటే దహనమని రాస్తారు. ఎక్కడ పూడ్చారో తెలియకపోతే తెలియదని రాస్తారు. పొగడ్త ఉండదు, తెగడ్త ఉండదు.

దీన్ని తయారుచేసిన లారెన్స్ కెస్టెన్‌బామ్ మిషిగన్ రాష్ట్రంలోని వాష్టెనా కౌంటీకి క్లర్కుగా 2004లో ఎన్నికయ్యారు. అక్కడ ఆ పదవికి జనన మరణాల నమోదు, ఎన్నికల నిర్వహణ, భూమి దస్తావేజుల నమోదు అన్నీ ఉంటాయి. మన తహసీల్దారు, సబ్‌రిజిస్ట్రారు చేసే పనులు కొన్ని ఒకేచోట చేరిన పదవి అనుకోవచ్చు. పుట్టుక, చావు, ఓటు, భూమి. నాయకుల సమాధుల జాబితా మొదలుపెట్టిన మనిషే, తర్వాత ఈ నాలుగింటి కాగితాల మధ్య రోజూ గడిపే పదవిలోకి రావడం నాకు చాలా సహజంగా అనిపించింది.

మన జిల్లాలకు ఇలాంటిది లేదు. ఉండాలని నా గట్టి అభిప్రాయం. ముఖ్యమంత్రుల కోసం అడగడం లేదు. ప్రతి మండలంలోనూ సర్పంచులుగా, మండలాలకు ముందున్న పంచాయతీ సమితుల ప్రెసిడెంట్లుగా, ఎంపీపీలుగా, సహకార సంఘం అధ్యక్షులుగా పనిచేసి వెళ్లిపోయినవారు ఏ చేనులో ఉన్నారో, ఏ వంక ఒడ్డున కాలిపోయారో ఒక పుస్తకంలో ఉండాలి. ఇది ఎందుకు అవసరమో, నాకున్న సందేహాలేమిటో, వాటిలో కొన్ని ఎందుకు ఇప్పటికీ తీరలేదో రాస్తాను.

ఘాట్లు ఉన్నవారి సంగతి

రాయలసీమలో పుట్టినవాళ్లకు ఘాట్ల గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇడుపులపాయలో వైఎస్ ఘాట్, పులివెందులలో ఆయన తండ్రి రాజారెడ్డి ఘాట్, ఆళ్లగడ్డలో భూమా దంపతుల సమాధులు, రామగిరి మండలం వెంకటాపురంలో పరిటాల రవి ఘాట్, కర్నూలులో కోట్ల విజయభాస్కరరెడ్డి కిసాన్ ఘాట్. వీటికి ప్రహరీ ఉంది, పూలమొక్కలు ఉన్నాయి, వర్ధంతికి బందోబస్తు ఉంది. ఆ పేర్లను మరచిపోనివ్వని కుటుంబాలు, పార్టీలు ఉన్నాయి. నా పుస్తకంలో వీళ్లకూ తలా ఒక వరస ఉంటుంది. అంతకంటే ఎక్కువ చోటు అవసరం లేదు.

ఇంకో రకం పెద్దవాళ్లు ఉన్నారు. దామోదరం సంజీవయ్య కర్నూలు పక్కనున్న పెద్దపాడులో పుట్టారు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. 1972లో ఢిల్లీలో పోయారు. సమాధి సికింద్రాబాదు పాటిగడ్డలో ఉంది. నీలం సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా ఇల్లూరు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రిగా, తర్వాత రాష్ట్రపతిగా పనిచేసి, 1996లో బెంగళూరులో కన్నుమూశారు. సమాధి అక్కడి కల్పల్లి శ్మశానంలో ఉంది. ఇద్దరూ మా సీమ బిడ్డలే, ఇద్దరూ మా మట్టిలో లేరు. ఎత్తుకు ఎదిగినకొద్దీ మనిషి పుట్టిన ఊరికి దూరమవుతాడు, చివరికి దేహం కూడా ఆ ఊరికి తిరిగి రాదు. ఊళ్లోనే పుట్టి, ఊళ్లోనే గెలిచి ఓడి, ఊళ్లోనే పోయినవాళ్లు సర్పంచులూ సమితి ప్రెసిడెంట్లూ. జిల్లా రాజకీయ చరిత్ర అంటే నా దృష్టిలో ముందు వాళ్లదే. వాళ్ల గురించి రాసినవారు మాత్రం లేరు.

చేను గట్టున ఒక రాయి

మా మేనమామ గారి ఊళ్లో, వేరుశనగ చేను గట్టున ఒక సమాధి ఉంది. మోకాలెత్తు అరుగు, దాని తలవైపు దీపం పెట్టుకునే గూడు, గూటిలో మసి. నిలబెట్టిన నాపరాయి మీద ఉలితో చెక్కిన అక్షరాలు. ఒకప్పుడు వాటిలో నల్లరంగు నింపినట్టున్నారు, ఇప్పుడు వేలితో తడిమితేగానీ చదవలేం. పేరు, పుట్టిన ఏడు, పోయిన తేదీ. కింద ‘మాజీ సమితి ప్రెసిడెంటు’ అని ఉంది. దాని కింద ఇంకో వరస: ‘ఈ గ్రామమునకు కరెంటు తెచ్చినవారు’. ఆ వరస పక్కనే ఏ ఏడాదో కూడా ఉంది.

ఆయన మునిమనవరాలు నాతో వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది. రాయి చదివి, ‘సమితి అంటే ఐక్యరాజ్య సమితా?’ అని అడిగింది. ఆ అమ్మాయిని తప్పు పట్టలేం. 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించినప్పటి నుంచి 1986 చట్టం వచ్చి మండల పరిషత్తులు ఏర్పడేదాకా, ఊళ్లకు బడి రావాలన్నా బావి రావాలన్నా సమితి ద్వారానే వచ్చేది. పాతికేళ్లకు పైగా పల్లె పాలన నడిచింది సమితుల్లో. ఆ సమితుల మినిట్సు పుస్తకాలు మా ప్రాంతంలో నేను అడిగినచోటల్లా లేవనే చెప్పారు. ఆఫీసు మారినప్పుడు పోయాయని ఒకరు, చెదలు తిన్నాయని ఒకరు. పంచాయతీ గోడల మీద సర్పంచుల పేర్ల పట్టిక రాసే అలవాటు ఉంది కదా అనుకుంటే, మా ఊళ్లో ఆ గోడకు ఒకసారి రంగులు వేసి, ఇంకోసారి ఆ రంగులు తీసేసి, పట్టికలో సగం సున్నం కింద పడిపోయింది. మిగిలినది ఆ రాయి. ఊరికి కరెంటు ఎప్పుడొచ్చిందో ఇవాళ చెప్పగలిగినది ఒక చనిపోయిన మనిషి తలదగ్గర నిలబెట్టిన బండ ఒక్కటే.

అంతలో సంతోషపడిపోకూడదని కూడా అదే ఊరు నేర్పింది. ఊరికి అవతలివైపు, చింతతోపు పక్కన, ఇంకో కుటుంబం సమాధులు ఉన్నాయి. వాటిలో ఒకటి ఒక పాత సర్పంచిది. ఆయన రాయి మీద కూడా కరెంటు ఆయనే తెచ్చినట్టు ఉంది. ఏడాది మాత్రం వేరు. రెండు కుటుంబాలకూ పడదు. మా మామను అడిగితే, స్తంభాలు పాతింది ఒకరి హయాములో, తీగ లాగింది ఇంకొకరి హయాములో అని తేల్చేశారు. నిజమో, ఇద్దరినీ నొప్పించకుండా చెప్పిన మాటో నాకు తెలియదు.

సమాధి రాళ్లు అబద్ధం చెబుతాయని, పెట్టినవారి గొప్ప చెబుతాయని ఒక మిత్రుడు వాదించాడు. చెబుతాయి. శిలాశాసనాలు మాత్రం ఏమిటి? రాజు తాను గెలిచిన యుద్ధాలే రాయించుకున్నాడు. చరిత్రకారులు వాటిని పారేయలేదు, పక్కపక్కన పెట్టి చదివారు. రెండు రాళ్లూ ఒకే పేజీలోకి వచ్చినప్పుడే కదా అవి ఒకదానితో ఒకటి విభేదిస్తున్నాయని తెలిసేది! చింతతోపు వాళ్లకు తమ రాయే తెలుసు, చేను వాళ్లకు తమ రాయే తెలుసు. ఆ ఊరి పిల్లలకు రెండూ తెలియవు.

భూమి ఉన్నవాడికే రాయి

నన్ను ఎక్కువ కాలం ఆపిన సందేహం ఇది. సమాధుల జాబితా రాస్తే అది ఎవరి జాబితా అవుతుంది?

సొంత చేనులో పూడ్చిపెట్టుకోవాలంటే సొంత చేను ఉండాలి. మా ప్రాంతంలో చేల మధ్య కనిపించే సమాధులు చాలావరకు భూమి ఉన్న కులాలవి. బ్రాహ్మణులు, వైశ్యులు దహనం చేస్తారు, బూడిద పెన్నలోనో తుంగభద్రలోనో కలుస్తుంది. లింగధారులు (వీరశైవులు) కూర్చోబెట్టి పూడుస్తారు, చాలాచోట్ల వాళ్ల రుద్రభూమి వేరు. ముస్లిం సర్పంచుల గోరీలు ఖబరస్తాన్‌లో ఉంటాయి. మట్టి పోగు చేసి వదిలేసినవే ఎక్కువ, వాటి మీద పేరు ఉండదు. దళితుల శ్మశానం ఊరికి ఇంకో దిక్కున, తరచు వంక ఒడ్డునో, సర్వే నంబరులో ‘పోరంబోకు’ అని రాసి ఉన్న ముక్కలోనో ఉంటుంది. అక్కడికి వెళ్లడానికి దారి కోసమే గొడవ పడాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి.

అంటే, రాళ్లు వెతుక్కుంటూ పోయి పేర్లు రాసుకుంటే, కొన్ని కులాల మగవాళ్ల జాబితా తయారవుతుంది. మన పంచాయతీల చరిత్రంతా వాళ్లదేనన్న అబద్ధానికి నేను ఒక పుస్తకం కట్టించి ఇచ్చినట్టవుతుంది. ఈ ఆలోచన వచ్చాక చాలా రోజులు పని ముందుకు సాగలేదు.

దీనికి జవాబు ఒక ఇంటి అరుగు మీద దొరికింది. 1994 చట్టం వచ్చాక 1995లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించారు. మా పక్క ఊరికి అలా ఒక దళిత మహిళ సర్పంచి అయింది. కూలిపనికి వెళ్లే మనిషి. గెలిచాక కూడా వెళ్లింది. పంచాయతీ సమావేశానికి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోనిచ్చారా అని ఆమె కొడుకును అడిగితే, మొదట కొన్నాళ్లు లేదన్నాడు. ఆమె పోయి చాలాకాలమైంది. ఎక్కడ పూడ్చారో చూపించమంటే వంక దాకా తీసుకెళ్లాడు. రాయి లేదు, అరుగు లేదు. ఒక కానుగ చెట్టు చూపించి, దాని మొదలు నుంచి పడమరగా నడిచి, ఒకచోట ఆగి, చెప్పులు విడిచాడు. ‘ఇక్కడే. వాన ఎక్కువ పడ్డప్పుడు కొంచెం కుంగుతుంది, మట్టి పోస్తుంటాను’ అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్క మాట అడిగాడు: ‘రాస్తే మా అమ్మ పేరు ముందు రాయండి సార్. పంచాయతీలో మా నాయన పేరు ముందు రాశారు, భార్య అని తర్వాత రాశారు. గెలిచింది మా అమ్మ కదా!’

అప్పటి నుంచి నా లెక్క మారింది. వెతకడం రాయి దగ్గర మొదలుపెట్టకూడదు, పదవి దగ్గర మొదలుపెట్టాలి. ఆ ఊరికి 1959 నుంచి, కుదిరితే అంతకుముందు నుంచి, ఎవరెవరు సర్పంచులుగా ఉన్నారో ముందు వరసగా రాయాలి. తర్వాత ఒక్కొక్కరి చివరి చోటు అడగాలి. రాయి ఉంటే రాయి. చెట్టు గుర్తు ఉంటే చెట్టు. దహనమైతే ఏ ఒడ్డున. ఏదీ తెలియకపోతే ఖాళీగా వదలాలి. అమెరికా జాబితాలో నాకు నచ్చినది సరిగ్గా అదే. చోటు తెలియని మనిషిని వాళ్లు జాబితా నుంచి తీసేయలేదు, చోటు తెలియదని రాసి పేరు ఉంచారు. మన మండలాల్లో అలా రాస్తే, ఖాళీలు ఏ కులాల దగ్గర ఎక్కువ వస్తాయో, ఆడవాళ్ల పేర్ల దగ్గర ఎన్ని వస్తాయో ఎవరూ వ్యాఖ్యానం చేయకుండానే కనిపిస్తుంది.

ఇంతటితో ఆ సందేహం పూర్తిగా తీరిందని చెప్పను. పేరుకు ఒకరు సర్పంచి, పెత్తనం ఇంకొకరిది. ఇది మన పల్లెల్లో అందరికీ తెలిసిన వ్యవహారం. రిజర్వేషన్ వచ్చిన ఊళ్లో, తన దగ్గర పనిచేసే మనిషిని నిలబెట్టి తాను రాజ్యం చేసిన పెద్దమనుషులు ఎందరో. పదవిని బట్టి రాస్తే ఆ పెత్తందారు జాబితాలో కనిపించడు. రాయకూడదనే నా నిర్ణయం. కాగితం మీద ఎవరు గెలిచారో వాళ్ల పేరే ఉండాలి. ఆ కాగితమైనా ఆమెకు దక్కాలి.

‘మీరు ఎవరి మనిషి?’

సీమలో ఇంకో చిక్కు ఉంది. సమాధుల్లో కొన్ని సహజంగా పోయినవారివి కావు.

ఒక ఊళ్లో రోడ్డు పక్కనే ఉన్న సమాధిని ఫొటో తీయబోతుంటే, ఎదురుగా టీ అంగడిలో కూర్చున్న పెద్దాయన లేచి వచ్చారు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ‘మీరు ఎవరి మనిషి?’ అన్నారు. ఎవరి మనిషినీ కాదు, పాత సర్పంచుల గురించి రాసుకుంటున్నానంటే నమ్మలేదు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, నా మేనమామ పేరు కనుక్కున్నాకే తీసుకోనిచ్చారు. తర్వాత తానే వచ్చి పక్కన నిలబడి, ఏ పొద్దున జరిగిందో, చంపినవాళ్లు ఏ మలుపులో కాచుకున్నారో, ఆయన చేతిలో అప్పుడు ఏముందో చెప్పుకొచ్చారు. నేను రాసుకోలేదు. ఆయనకు అది నచ్చలేదు. ‘ఇది రాయకపోతే ఇంకేం రాస్తావు నాయనా?’ అన్నారు.

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. హత్యను హత్య అని రాయకపోతే చరిత్ర ఎలా అవుతుంది? రాస్తే అది ఒక వర్గం చేతిలో సాక్ష్యమవుతుంది, రెండో వర్గానికి నిందవుతుంది. కేసులు కొట్టేసినవి ఉన్నాయి, రాజీ అయినవి ఉన్నాయి, ఆ రెండిళ్ల పిల్లలు ఇవాళ బెంగళూరులో ఒకే కంపెనీలో పనిచేస్తున్న సందర్భాలూ ఉన్నాయి. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ‘హత్యకు గురయ్యారు’ అని, తేదీతో రాయాలి. కోర్టు తీర్పు ఉంటే తప్ప ఎవరు చేశారన్నది రాయకూడదు. ‘అమరుడు’ అన్న మాట రాయి మీద ఉంటే, రాయి మీద ఉన్నట్టు చెప్పాలి గానీ పుస్తకం తన మాటగా వాడకూడదు.

ఇక్కడ కూడా అమెరికా జాబితా నాకు ధైర్యమిచ్చింది. ద్వంద్వయుద్ధాల్లో చనిపోయిన రాజకీయ నాయకులకు వాళ్లు ఒక పేజీయే పెట్టారు. 1804లో దేశ ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆరన్ బర్ తుపాకితో కాల్చగా అలెగ్జాండర్ హామిల్టన్ చనిపోయాడు. హామిల్టన్ న్యూయార్కులో ట్రినిటీ చర్చి ఆవరణలో ఉన్నాడు, బర్ ప్రిన్స్‌టన్ శ్మశానంలో ఉన్నాడు. జాబితాలో ఇద్దరికీ ఒకే తీరు: పేరు, పదవులు, తేదీలు, చోటు. చంపినవాడినీ చచ్చినవాడినీ ఒకే సిరాతో రాయగలగడానికి వాళ్లకు రెండు వందల ఏళ్లు పట్టి ఉండవచ్చు. మనకు అంత వ్యవధి లేదు, ఎందుకంటే చెప్పగలిగినవాళ్లు పోతున్నారు.

ఇదంతా మానిన పుండును గీకడమేనని మా ఇంట్లోనే అన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేను. కానీ ఆ సమాధులు ఇప్పటికే రోడ్డు పక్కన ఉన్నాయి, ఏటా వాటికి దండలు పడుతున్నాయి, పక్కన ఫ్లెక్సీలు వెలుస్తున్నాయి. ఒక వర్గం కథ ఒక్కటే వినబడుతూ ఉండటం కంటే, పక్షం లేని ఒక వరస ఎక్కడో ఉండటం ఎవరికీ హాని చేయదు.

నీళ్ల కింద, పటాల బయట

ఇంత తొందర ఎందుకంటే, సమాధులు నిలిచే చోట్లు పోతున్నాయి.

శ్రీశైలం జలాశయం కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. గుళ్ల సంగతి ప్రభుత్వం పట్టించుకుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఎంతో గొప్ప పని, అందులో అనుమానం లేదు. ఆ వంద ఊళ్లలో ఒక్కో ఊరికీ సర్పంచులు ఉన్నారు, వాళ్లకు ముందు పోయినవాళ్ల సమాధులు ఉన్నాయి. వాటి జాబితా అయినా తీశారా అని అడిగితే చెప్పేవాళ్లు నాకు కనబడలేదు. వేసవిలో నీరు తగ్గి ముచ్చుమర్రి దగ్గర సంగమేశ్వరం గుడి బయటపడ్డప్పుడు జనం బారులు తీరుతారు. పాత ఊళ్ల మొండిగోడలు తేలినచోట తమ ఇల్లు ఏదో వెతుక్కునేవాళ్లు ఇంకా కొందరున్నారు. ఇంకో ఇరవై ఏళ్లకు వాళ్లూ ఉండరు.

మా కడప జిల్లాలో గండికోట జలాశయం కింద ఊళ్లు పోయాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు మునిగిన నాటి వార్తలు అందరూ చూసినవే. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో, పునరావాస గ్రామానికి అక్కడి కులాలు, వాళ్ల ఆచారాల ప్రకారం శ్మశానం ఇవ్వాలని ఉంది. మంచి నియమం. అది ఇకముందు చనిపోయేవారి గురించి మాట్లాడుతుంది. ఇప్పటికే చనిపోయి పాత ఊళ్లో ఉన్నవారి గురించి మాట్లాడదు. ఒక పునరావాస కాలనీలో ఒక ఇంటి ప్రహరీ గోడకు, నీళ్ల కొళాయి పక్కన, నాపరాయి ఒకటి బిగించి ఉండటం చూశాను. దగ్గరికి వెళ్తే అది సమాధి రాయి. ఆ ఇంటాయన తాత ఊరికి సర్పంచిగా పనిచేశారట. ఊరు ఖాళీ చేసేటప్పుడు ట్రాక్టరులో సామానుతోపాటు ఆ బండ ఒక్కటి పెకలించి తెచ్చుకున్నారు. ‘మనిషిని తేలేం కదా, పేరైనా తెచ్చుకున్నాం’ అన్నాడాయన. కొళాయి నీళ్లు చింది కింది రెండు వరసల మీద పాచి పట్టింది.

మునగని చోట్ల భూమి చేతులు మారుతోంది. రహదారి వెడల్పు చేస్తున్నారు, సోలార్ పలకల కోసం చేలు కౌలుకు పోతున్నాయి, ప్లాట్లు వేస్తున్నారు. అమ్మేవాళ్లలో బుద్ధిమంతులు సమాధి ఉన్న సెంటు భూమిని మినహాయించి, దాని దాకా కాలిబాట ఉంచమని దస్తావేజులో రాయించుకుంటారు. రెండో కొనుగోలుదారు దగ్గరికి వచ్చేసరికి ఆ బాట ఉండదు. మూడో ఆయన దగ్గర సమాధీ ఉండదు. నేరం చేశామని ఎవరూ అనుకోరు, ఎందుకంటే అది ఎవరిదో ఆయనకు తెలియదు.

దీనికి తగిన సమయం ఒకటి చేతికి వచ్చి, జారిపోయింది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, హద్దులు కొలిచే రోవర్లు పట్టుకుని సర్వేయర్లు ఎన్నో ఊళ్లలో గట్లు తిరిగారు. నూరేళ్ల తర్వాత జరిగిన పని. హద్దురాళ్ల మీద అప్పటి పథకం పేరు, అందులో అప్పటి ముఖ్యమంత్రి పేరు చెక్కించారు. ప్రభుత్వం మారాక వాటిని చెరిపించే పని పెట్టుకున్నారు. ఆ రెండు ఖర్చులూ జనం సొమ్మే. సర్వేయరు ఆ రాయి పాతిన గట్టుకు పది అడుగుల్లో ఒక పాత సర్పంచి సమాధి ఉంటే, దాన్ని ఒక చుక్కగా గుర్తించి, పేరు అడిగి, రాసుకోవడానికి ఎంత సమయం పట్టేది? సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల్లో సమాధికి ప్రత్యేకమైన గుర్తు ఉంది. ఆ పటాలు గీసిన తెల్లదొరలకు మన సర్పంచుల మీద ప్రేమ లేదు. నేల మీద కనబడినదాన్ని కాగితం మీద పెట్టాలన్న క్రమశిక్షణ ఉంది.

ఎవరు రాయాలి

ప్రభుత్వం రాయాలని మొదట అనుకునేవాడిని. ఇప్పుడు అంత పట్టుదల లేదు. ప్రభుత్వం చేతిలో పెడితే మొదటి పేజీలో ఎవరి ఫొటో వేయాలన్న దగ్గరే ఆగిపోతుందని భయం. పోనీ, డబ్బు కేటాయిస్తే స్మారకాలు కట్టమని ఒత్తిడి వస్తుంది. సర్పంచులకు ఘాట్లు కట్టమని నేను అడగడం లేదు. ఉన్న భూమి బతికినవాళ్లకే చాలడం లేదు. దళితవాడ శ్మశానానికి దారి వేయని మండలంలో ఎవరి సమాధికీ గ్రానైట్ పలకలు పరచకూడదు.

కావలసినది ఒక పుస్తకం. పేరు, పదవి, ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఖననమో దహనమో, ఎక్కడ, ఈ సంగతి ఎవరు చెప్పారు. ఆ చివరి గడి చాలా ముఖ్యం. రేపు ఎవరైనా కాదంటే ఎవరిని అడగాలో తెలియాలి. పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణాల నమోదు ఎలాగూ ఉంటుంది. ఎన్నికల ఫలితాలు పాతవి జిల్లా పరిషత్తులోనో, పాత పత్రికల్లోనో వెతకాలి. మిగతాదంతా అరుగుల మీద కూర్చుని అడిగేదే. డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలకు ప్రాజెక్టు పని కావాలి కదా. ఇంటర్నెట్లో దొరికినది అచ్చువేసి ఇచ్చే బదులు, ఒక్కొక్కరూ తమ ఊరి పంచాయతీ ఒక్కటి తీసుకుంటే ఒక వేసవి సెలవుల్లో మండలం పూర్తవుతుంది.

శుభకార్యాలున్న ఇంట్లో చచ్చినవాళ్ల చిట్టా ఏమిటని మా మేనత్త కోప్పడింది. కోప్పడి, లోపలికి వెళ్లి, కాసేపటికి తిరిగి వచ్చి, తన పుట్టింటి ఊరికి మొదటి సర్పంచి తన చిన్నతాత అని, ఆయన్ను ఊరి చెరువు తూము పక్కన పూడ్చారని, ఆ సంగతి ఇప్పుడు తనకు తప్ప ఎవరికీ తెలియదని చెప్పింది. ఆయన పోయిన ఏడు గుర్తులేదు. ఉప్పెన వచ్చి దివిసీమ కొట్టుకుపోయిన ఏడుకు ముందా తర్వాతా అని అడిగితే, ముందేనని ఖాయంగా చెప్పింది. అంటే 1977కు ముందు. ‘1977కు ముందు, చెరువు తూము పక్కన, రాయి లేదు, చెప్పినది అన్న మనవరాలు’ అని రాసుకున్నాను.

మా మండలంలో ఇరవైకి పైగా పంచాయతీలు ఉన్నాయి. నా దగ్గర ఇప్పటికి నాలుగు ఊళ్ల వరసలు ఉన్నాయి, వాటిలోనూ ఖాళీలే ఎక్కువ. ఈ జిల్లాలో మీ ఊరి మొదటి సర్పంచి ఎవరో, ఎక్కడ ఉన్నారో తెలిసినవాళ్లు రాయండి. మీకు తెలియకపోతే ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను ఈ వారంలోనే అడగండి. చెప్పినవారి పేరు మాత్రం మరచిపోకుండా రాయండి.